నాలుగో ప్లగ్గు

పోయిన సంచికలో మా బళ్ళారి ఉగ్గాని, మిరపకాయ బజ్జీల గురించి రాసినందుకు వచ్చిన ఉత్తరాలు చూసి మా ఆవిడ మురిసిపోయింది. "ఇకమీదట తిండి గురించే రాయండి, మీకు ఇంకేదీ రాయడం రాదు" అని బిరుదు కూడా ఇచ్చింది. ఆ మాట పట్టుకునే ఈసారి తిండి జోలికి పోవడం లేదు. ఈసారి గ్రీజు, మసి, తుప్పు. చేతులు కడుక్కునే పని ఉంటే ఇది చదివాకే కడుక్కోండి.

మా నాన్నగారి ఫియట్ కారు సంగతి ఈ పేజీలో ఇదివరకు ఒకటి రెండుసార్లు వచ్చింది. కొత్త పాఠకుల కోసం రెండు ముక్కలు చెబుతాను. నాన్నగారికి పత్తి మండీ ఉండేది. 1982లో ఆ కారు కొన్నారు. పేరుకి ప్రీమియర్ పద్మిని. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ కంపెనీ వాళ్ళు ఇటలీ ఫియట్ 1100 కారునే ఇక్కడ తయారుచేసి, 1974 నుంచి పద్మిని అని పిలిచారు. కంపెనీ ఎన్ని పేర్లు పెట్టినా మా ఊళ్ళో మాత్రం అది చివరిదాకా ఫియట్టే. స్టీరింగు పక్కన గేరు కర్ర, 1089 సీసీ ఇంజను, ముందు సీట్లో ముగ్గురు పట్టేంత చోటు. రాఘవ కళామందిరంలో నాటకం ఉందంటే మా నాన్నగారు ఇంటిల్లిపాదినీ, పక్కింటి వాళ్ళ పిల్లల్నీ కూడా అందులోనే కుక్కి తీసుకెళ్ళేవారు. బొంబాయిలో ఉన్న పాఠకులకి ఈ బండిని నేను పరిచయం చెయ్యనక్కరలేదు. మీ నలుపూ పసుపూ టాక్సీలు ఎన్ని దశాబ్దాలు అవే కదా! చివరి పద్మిని టాక్సీకి 20 ఏళ్ళ గడువు 2023 అక్టోబరులో తీరిపోయిందని పేపర్లో చదివినప్పుడు, బొంబాయి ఎన్నడూ సరిగా చూడని నాకు కూడా మనసు అదోలా అయింది.

మా కారు షెడ్డులో ఆరేళ్ళు కదలకుండా ఉంది. మావాడు బెంగుళూరు నుంచి వచ్చినప్పుడల్లా "దీన్ని తుక్కుకి వేసెయ్యండి నాన్నా, ఆ చోటులో నా కారు పెట్టుకుంటాను" అంటాడు. న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడు ఫోను చేసినప్పుడల్లా "అన్నా, దాన్ని అమ్మావంటే ఇక నేను ఊరికే రాను" అంటాడు. వాడు ఊరికి వచ్చి నాలుగేళ్ళయింది, అది వేరే విషయం. చివరికి నేనే ఒక గడువు పెట్టాను. ఉగాది లోపల ఇంజను కదిలితే ఉంచుదాం, కదలకపోతే పంపేద్దాం.

గడువు పెట్టడం సులువే. మెకానిక్కు కావాలి కదా! ఇప్పటి కుర్రవాళ్ళంతా కంప్యూటరు తగిలించి చూసేవాళ్ళు. కార్బరేటరు అనగానే మనల్ని మ్యూజియం నుంచి వచ్చినట్టు చూస్తారు. నలుగురిని అడిగితే నలుగురూ ఒకే పేరు చెప్పారు. కౌల్‌బజార్‌లో ఒక మేస్త్రి ఉన్నాడు, పాత ఫియట్లు, అంబాసిడర్లు ఆయనొక్కడే ముట్టుకుంటాడు అని. ఆ పేరు విని నేను రెండు రోజులు ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో తరువాత చెబుతాను. మూడో రోజు ఫోను చేశాను. "మండీ వాళ్ళ ఫియట్టా సామీ? అది ఇంకా ఉండాదా?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వచ్చాడు.

నాకంటే పదేళ్ళు చిన్న. తక్కువ మాటలు. నేను ఉత్సాహంగా కొత్త బ్యాటరీ తెచ్చి పెట్టి ఉంచాను. అది చూసి ముందు దాన్ని దూరంగా జరిపించాడు.

"సెల్ఫు కొట్టొద్దండి సామీ. ఆరేండ్లు నిలిచిన ఇంజను. లోపల రింగులు గోడకి పట్టింటాయి. ఒక్కసారి గట్టిగా తిరిగినాదంటే గీతలు పడతాయి. ముందు ప్లగ్గులు నాలుగూ తీసి, ఆ బెజ్జాల్లోనించి ఆయిలు పోసి నానబెట్టల్ల."

మొదటి మూడు ప్లగ్గులు బతిమాలగానే వచ్చేశాయి. మైకో ప్లగ్గులు, బూడిద రంగు మొహాలతో. నాలుగోది, అంటే డ్యాష్‌బోర్డు గోడ వైపు ఉన్నది, రాలేదు. పానా వేసి ఒకసారి ఒత్తిడి పెట్టి చూసి, మేస్త్రి చెయ్యి తీసేశాడు. "పట్టేసినాది" అన్నాడు. అక్కడ బానెట్టు అంచు నుంచి వాన నీరు కారేదని నాకు తెలుసు. ఒక గుడ్డ ముక్క కప్పి ఉంచితే సరిపోయేది. కప్పలేదు.

ప్లగ్గు ఎందుకు పట్టేస్తుందో నేను ముప్ఫై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పినవాణ్ణి కనక ఒక పేరా భరించక తప్పదు. ఫియట్ ఇంజను కింది భాగం పోత ఇనుము. పైన ఉండే హెడ్డు అల్యూమినియం. దానిలోకి బిగించే ప్లగ్గు ఉక్కు. రెండు వేర్వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ, మధ్యలో తడి చేరితే అది ఒక చిన్న బ్యాటరీ అవుతుంది. ఇటలీలో గాల్వానీ అనే పెద్దమనిషి 1780ల్లో చచ్చిన కప్ప కాలు రెండు లోహాలు తగిలితే ఎగరడం చూశాడు. ఆ కరెంటు కప్పలోది కాదు, లోహాలదీ తడిదీ అని వాదించిన వోల్టా 1800లో ఏకంగా బ్యాటరీయే చేసి చూపించాడు. ఆ బ్యాటరీలో ఒక లోహం తరుగుతూ ఉంటుంది. మన కథలో తరిగేది అల్యూమినియం. అది తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడికి అసలు లోహం కంటే ఎక్కువ చోటు కావాలి. మర చుట్ల సందుల్లో చోటెక్కడిది? అందుకని అక్కడే కూరుకుని బిగుసుకుంటుంది. లోపలి వైపు నుంచి పెట్రోలు మసి కూడా తోడైతే ఇక చెప్పేదేముంది.

ఇది పాత బళ్ళ జబ్బే అనుకోకండి. అమెరికాలో ఉన్న మన వాళ్ళు న్యూయార్కు వెళ్ళినప్పుడు చూసే స్వేచ్ఛా ప్రతిమకి పైన రాగి రేకు, లోపల ఇనుప చట్రం. 1886లో నిలబెట్టినప్పుడు రెండూ తాకకుండా మధ్య లక్క పట్టించిన ఆస్‌బెస్టాస్ పెట్టారు. కాలక్రమాన అది పోయింది, తడి చేరింది, ఇనుము ఉబ్బి రాగిని పట్టి లాగడం మొదలుపెట్టింది. 1986 శతాబ్ది ఉత్సవానికి ముందు ఆ ఇనుప పట్టీలన్నీ తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేయాల్సి వచ్చింది. అక్కడే 2004 తరువాత కొన్నేళ్ళు ఫోర్డు వాళ్ళ 5.4 లీటర్ల ఇంజన్లలో ప్లగ్గులు విప్పబోతే మధ్యకి విరిగి, కింది ముక్క హెడ్డులోనే ఉండిపోయేది. ఆ ముక్క లాగడానికే ప్రత్యేకంగా పనిముట్లు చేసి అమ్మారు. కనక మా షెడ్డులో పట్టేసిన ప్లగ్గుకి చుట్టాలు చాలా దూరం దాకా ఉన్నారు.

మేస్త్రి తీగల బ్రష్షుతో ప్లగ్గు చుట్టూ మట్టి గోకి, గాలి కొట్టి ఊదాడు. ఆ మట్టి లోపల పడితే సిలిండరుకి ఇసుక కాగితం రుద్దినట్టే. గోకుతూ గోకుతూ ఆగిపోయాడు. ప్లగ్గు కింద, హెడ్డుకీ దానికీ మధ్య, సన్నగా పసుపు రంగు వలయం మెరిసింది.

"ఈడ ఇత్తడి కనబడతాండాది" అన్నాడు. టార్చి వేసి దగ్గరగా వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇది మా నాయన వేయించిన బుష్షు సామీ."

నేనేమీ అనలేదు. మా ఆవిడ టీ తెచ్చింది. గట్టు మీద కూర్చుని తాగాం.

ఇప్పుడు నేను రెండు రోజులు ఫోను చెయ్యకుండా ఎందుకున్నానో చెప్పాలి. ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఈ సంచిక వచ్చాక చదివి ఏమంటుందో!

1986లో నేను ఎమ్మెస్సీ పాసై, ఉద్యోగం లేక ఇంట్లో ఉన్నాను. చదువుకున్న వాడు ఊరికే ఉండడు కదా! కారు మాన్యువల్ పుస్తకం ఒకటి సంపాదించి, నాన్నగారు ఊళ్ళో లేని రోజు ప్లగ్గులు నేనే మార్చాను. అల్యూమినియం హెడ్డులో 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకి ఉండాల్సిన బిగువు సుమారు రెండున్నర నుంచి మూడు కిలోమీటర్లు. ఇది దూరం కాదు లెండి, ఒక మీటరు పొడుగు పిడి చివర అన్ని కిలోల బరువు అని అర్థం. అడుగు పొడుగు పిడి మీద ఎనిమిది, పది కిలోల ఒత్తిడి చాలు. మామూలు మనిషి మణికట్టుతో అయిపోయే పని. నేనేం చేశానంటే, గట్టిగా ఉంటే మంచిదే కదా అని, పానా పిడికి మూడడుగుల నీళ్ళ పైపు తొడిగి, నాలుగో ప్లగ్గుని నా బలం కొద్దీ బిగించాను. మొదటి మూడింటినీ మామూలుగానే బిగించాను. నాలుగోదానికి చెయ్యి తిరగడం కష్టమై పైపు వాడాను. చివర్లో ఏదో కొంచెం జారినట్టు మెత్తగా తగిలింది. పానా తీసి లోపల పెట్టేశాను.

ఏడెనిమిది నెలలకి ఇంజను తడబడుతోందని మా మేస్త్రి దగ్గరకి తీసుకెళ్ళారు. ఈ మేస్త్రి తండ్రి. మా కారూ, మండీ లారీలు మూడూ ఆయనే చూసేవాడు. నాలుగో ప్లగ్గు విప్పితే దాని మరకి చుట్టుకుని హెడ్డులోని అల్యూమినియం చుట్లు స్ప్రింగులాగా ఊడి వచ్చేశాయి. నాన్నగారికి కోపం వస్తే ముందూ వెనకా ఉండదు. మండీ మనుషులందరి ఎదుట ఆయన్ని నానా మాటలూ అన్నారు. "నీ చేతులు ముసలివైపోయాయి, నా హెడ్డు పాడుచేశావు" అన్నారు. ఆయన పక్కనే నేను టార్చి పట్టుకుని నిలబడి ఉన్నాను.

నోరు విప్పలేదు.

ఆయన హెడ్డు విప్పుకుని లేత్ షాపుకి తీసుకెళ్ళి, పాడైన రంధ్రాన్ని పెద్దది చేయించి, బయట 18 మిల్లీమీటర్ల మర, లోపల 14 మిల్లీమీటర్ల మర ఉన్న ఇత్తడి బుష్షు తన ఖర్చుతో చేయించి బిగించి ఇచ్చాడు. నాన్నగారు కారు తీసుకున్నారు. ఆ తరువాత కారు గానీ లారీలు గానీ మళ్ళీ ఆ గ్యారేజీ గడప తొక్కలేదు. నాన్నగారు 2004లో పోయారు, ఆ మేస్త్రి తరువాత కొన్నేళ్ళకి. ఇద్దరిలో ఎవరికీ నేను చెప్పలేదు.

సరే, మళ్ళీ షెడ్డులోకి వద్దాం. బుష్షు కనబడ్డాక పని ఇంకా చిక్కుపడింది. ప్లగ్గు మీద బలం పెడితే తిరిగేది ప్లగ్గా, బుష్షా? బుష్షుతో సహా తిరిగితే హెడ్డులోని మర పోతుంది. ఈసారి పోతే దాన్ని మళ్ళీ పెద్దది చెయ్యడానికి చుట్టూ లోహం మిగలదు. ఆ ఇంజను హెడ్డులు ఇప్పుడు అంగట్లో దొరకవు. పైగా ఇత్తడికీ అల్యూమినియానికీ పొత్తు ఇంకా చెడ్డది. ఉక్కు కంటే ఇత్తడి పక్కన అల్యూమినియం తొందరగా తరుగుతుంది. బుష్షు అంచు వెంట తెల్లపొడి కనబడుతూనే ఉంది.

మొదటి రోజు కిరసనాయిలు, డీజిలు కలిపిన మందు ప్లగ్గు మొదట్లో పోసి, పానా తొడిగి, పైన చిన్న సుత్తితో గుడి గంట కొట్టినంత మెల్లగా తట్టి వెళ్ళిపోయాడు. అంతే పని. సాయంత్రం మళ్ళీ వచ్చి మళ్ళీ తట్టాడు. ఆ తట్టడంలో మందు చుట్ల సందుల్లోకి దిగుతుంది. నేను బజారు నుంచి డబ్ల్యూడీ-40 డబ్బా తెచ్చాను. చూసి నవ్వాడు. "తలుపు కీళ్ళకి బాగుంటాది సామీ." అన్నట్టు ఆ డబ్బా కథ కూడా చిత్రమే. అమెరికాలో శాన్‌డియేగోలో రాకెట్లకి తుప్పు పట్టకుండా నీటిని తరిమే మందు కోసం ప్రయత్నిస్తే 40వ సారి కుదిరిందట, అందుకని ఆ పేరు. అది 1953లో. మాకు 1953 అంటే వేరే లెక్క. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా నుంచి ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి, మేం మైసూరు వైపు వచ్చాం. అందువల్లే మా మేస్త్రి నాతో తెలుగులో, తన దగ్గర పనిచేసే కుర్రవాడితో కన్నడంలో, ఇంటికి ఫోనులో ఉర్దూలో మాట్లాడతాడు. పానా మాత్రం మూడింట్లోనూ పానాయే.

ఇంత ఓపిక ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను. "లారీలు నేర్పించినాయి" అన్నాడు. 2011 జులైలో సుప్రీంకోర్టు మా జిల్లాలో ఇనుప గనుల తవ్వకం ఆపించింది. అంతదాకా రాత్రీ పగలూ ఎర్రటి దుమ్ము లేపుకుంటూ తిరిగిన లారీలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. నెలల తరబడి నిలిచిన ఇంజన్లని మళ్ళీ లేపడం, పట్టేసిన ఇంజెక్టర్లు లాగడం, అదే ఆయనకి చాలాకాలం పని. "బలంతో లాగినోళ్ళు హెడ్లు పోగొట్టుకున్నారు. నానబెట్టినోళ్ళవి వచ్చినాయి."

మూడో రోజు వేడి వైద్యం. ఇంజను నడిపి వేడి చెయ్యడానికి లేదు. అందుకని రేడియేటరు పై గొట్టం విప్పి, హెడ్డు లోపల నీళ్ళు తిరిగే దారిలోకి మరిగే నీళ్ళు పొయ్యాలన్నాడు. మా ఆవిడ గ్యాసు మీద రెండు పెద్ద గిన్నెలు పెట్టి, "కాఫీకి నీళ్ళంటే సరే గానీ, కారుకి తలంట్లేమిటండీ" అంటూనే బిందెలతో అందించింది. కింద నుంచి చల్లారినవి వదలడం, పైనుంచి మరిగినవి పొయ్యడం. అలా నాలుగైదు విడతలు.

దీని లెక్క నేను ఒక కాగితం మీద వేశాను. ఒక మీటరు అల్యూమినియం కడ్డీ డిగ్రీకి 23 మైక్రాన్లు పెరుగుతుంది, ఇత్తడి 19, ఉక్కు 12. మహా అయితే 60 డిగ్రీలు వేడెక్కిందనుకున్నా, ప్లగ్గుకీ బుష్షుకీ మధ్య వచ్చే ఎడం ఆరు మైక్రాన్లు. తల వెంట్రుకలో పన్నెండో వంతు! బుష్షుకీ హెడ్డుకీ మధ్య ఇంకా తక్కువ, నాలుగు. అంటే వేడి చేస్తే బుష్షు కంటే ప్లగ్గే కొంచెం ఎక్కువ వదులవుతుంది. ఆ రెండు మైక్రాన్ల తేడా మీద మా నాన్నగారి కారు ఆధారపడి ఉందన్నమాట. ఈ లెక్క మేస్త్రికి చూపిస్తే, "కాగితం బాగుండాది, కానీ బుష్షు తిరిగేది లేదులెండి" అన్నాడు.

"ఎలా చెబుతారు?"

వేలితో బుష్షు అంచు చూపించాడు. ఆ పసుపు వలయానికీ తెల్లటి హెడ్డుకీ సరిగ్గా సరిహద్దు మీద ఆవగింజంత నల్లటి చుక్క. "మా నాయన పిన్ను కొట్టినాడు చూడండి. సగం ఇత్తడిలో, సగం హెడ్డులో. ఉక్కు పిన్ను. ఇది ఉన్నంతవరకూ బుష్షు తిరగదు. అందరూ కొట్టరు ఇది. డ్రిల్లు బిట్టు విరిగిపోతాదని వదిలేస్తారు."

తిట్లు తిని, సొంత డబ్బు పెట్టి, ఇక రాని గిరాకీకి చేసిన పని అది.

మేస్త్రి ప్లగ్గు తల మీద చల్లటి తడిగుడ్డ చుట్టాడు, చుట్టూ వేడిగా ఉండి ప్లగ్గు ఒక్కటే కుంచించుకోవాలని. ఒక నిమిషం ఆగి గుడ్డ తీసి, పానా వేసి, ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు రవ్వంత నొక్కాడు. తరువాత ఇటు. టిక్ అని ఒక చప్పుడు వచ్చింది. నేను విరిగిందనే అనుకున్నాను. ఆయన మొహంలో మార్పు లేదు. పావు చుట్టు కూడా తిప్పలేదు, మళ్ళీ వెనక్కి బిగించి, మందు పోసి, కూర్చున్నాడు. మళ్ళీ కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి. గీసుకుంటున్న చప్పుడు వస్తే ఆపేస్తాడు. మందు పోస్తాడు. ఒక ప్లగ్గు ఆరేడు చుట్లు తిరిగి బయటికి రావడానికి గంటన్నర పట్టింది. చివరి చుట్టు మాత్రం వేళ్ళతోనే వచ్చేసింది.

మర చుట్ల నిండా తెల్లపొడి, కింద నల్లటి మసి. మేస్త్రి దాన్ని నా చేతిలో పెట్టాడు. టార్చి వేసి బుష్షు లోపల చూశాడు. చుట్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

అప్పుడు చెప్పాను. అప్పటిదాకా చెప్పాలనుకోలేదు. ఎక్కువ మాటలు కూడా రాలేదు. "మేస్త్రీ, 86లో ఆ మర పాడుచేసింది మీ నాయన కాదు. నేను. పైపు వేసి బిగించాను" అన్నాను.

ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ఉన్నాడు. తుడుచుకోవడం ఆపలేదు.

"మా నాయనకి తెలుసు సామీ."

ఎలా తెలుసన్నాను.

"ప్లగ్గు కింద వాచరు ఉంటాది కదా. చేత్తో బిగిస్తే సగం అణుగుతాది. అది కాగితం మాదిరి అయిపోయినాదంట. ప్లగ్గు మూలలు కూడా అరిగిపోయినాయంట. మెకానిక్కు అట్ల బిగించడు, ఇంట్లో పిల్లోడెవురో పైపు ఏసినాడు అని ఆ రోజే ఇంట్లో చెప్పినాడు. నేను పదో తరగతి అప్పుడు."

"మరి మా నాన్నగారితో ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్తాడు? కొడుకు పక్కనే ఉండాడు, వాడే మాట్లాడలేదు."

కాసేపు ఇద్దరం ఊరుకున్నాం. తరువాత ఆయనే అన్నాడు, కోపంగా కాదు, ఏదో లెక్క అప్పజెప్పినట్టు. "మండీ లారీలు మూడూ పోయినాక ఆ ఏడు మాకు కష్టమైనాది. నేను చదువు ఇడిసిపెట్టి గ్యారేజీలోకి వచ్చింది అప్పుడే."

దీనికి నేనేం జవాబు చెప్పగలను? సాయంత్రం డబ్బు ఇచ్చేటప్పుడు అడిగిన పన్నెండు వందలకి ఇంకొంత కలిపి ఇవ్వబోయాను. లెక్కపెట్టి, ఎక్కువైనది గట్టు మీద పెట్టి, పైన ఆ పాత ప్లగ్గు బరువుంచి వెళ్ళాడు.

మర్నాడు వచ్చాడు. రాత్రంతా సిలిండర్లలో ఆయిలు నానింది. కారుని టాప్ గేరులో పెట్టి, మేస్త్రి, ఆయన కుర్రవాడు, నేను, పక్కింటి కాలేజీ పిల్లవాడు కలిసి వెనక నుంచి తోశాం. ముందు మొరాయించింది. రెండో తోపుకి లోపల ఏదో వదిలినట్టయి, ఫ్యాను రెక్కలు మెల్లగా ఒక చుట్టు తిరిగాయి. మా తమ్ముడికి వీడియో పంపితే న్యూజెర్సీలో అర్ధరాత్రి లేచి కూర్చున్నాడు. మావాడు మాత్రం "అయితే నా కారు ఎక్కడ పెట్టుకోను?" అని అడిగాడు. స్టార్టు చేసిన కథ, బ్రేకులు లేకుండా వీధి చివరిదాకా వెళ్ళిన కథ ఇంకోసారి రాస్తాను. దానికి సంపాదకులు ఎక్కువ పేజీలు ఇవ్వాలి.

కొత్త ప్లగ్గులు తెచ్చి ఉంచాను. మేస్త్రి ఒక్కొక్క దాని మరకీ మిరియపు గింజంత గ్రాఫైటు గ్రీజు రాసి, పానా నా చేతికి ఇచ్చాడు.

"మీరే బిగించండి సామీ. ముందు వేళ్ళతో. వాచరు తగిలినాక పానాతో అర చుట్టు. గ్రీజు ఉండాది కాబట్టి అంతకంటే ఒక్క రవ్వ తక్కువే. చాలు."

మొదటి మూడూ బిగించాను. నాలుగోది వేళ్ళతో తిప్పుతుంటే ఇత్తడి మరలో వెన్నలో దిగినట్టు దిగింది. వాచరు తగిలింది. పానా వేసి అర చుట్టు తిప్పి, ఆపి, పక్కకి తప్పుకున్నాను.

ఆయన ఏమీ అనలేదు. మొదటి మూడింటినీ వదిలేసి, నాలుగోదాని మీద మాత్రం పానా పెట్టి, రెండు వేళ్ళతో ఒకసారి ఒత్తి చూశాడు. తరువాత చేతులు కడుక్కోవాలి, కొంచెం సర్ఫు పొడి ఇమ్మని మా ఆవిణ్ణి అడిగాడు.